రోజుకొక ఆంగ్ల పదం నేర్పే యాప్: ‘ఇగ్రీజస్’ అనే ఒక్క మాటతో పెట్టిన పరీక్ష

ఆంగ్లంలో అరుదుగా వినిపించే పదాలను రోజుకొకటి చొప్పున ఫోనుకు పంపి, వాటి అర్థాన్నీ ఉచ్చారణనూ తెలుగు వివరణతో సహా నేర్పుతామని చెప్పే ఒక యాప్‌ను నేను పదకొండు నెలలుగా వాడుతున్నాను. ఏడాది చందా కట్టి వాడుతున్నాను కాబట్టి ఉచిత భాగాన్ని పైపైన చూసి రాస్తున్న సమీక్ష కాదిది. యాప్ పేరు చెప్పడం లేదు. ఇందులో నేను ఎత్తి చూపబోయే లోపం ఆ ఒక్క యాప్‌కే పరిమితమైనది కాదు, ఈ తరహా సేవలు చాలావాటిలో కనిపించేదే. యాప్ నేర్పిన వందల మాటలన్నిటినీ తడమడం కంటే ఒక్క మాటను పట్టుకుని చివరిదాకా వెళ్తే దాని బలమూ బలహీనతా బాగా బయటపడతాయని నా నమ్మకం. ఆ ఒక్క మాట ‘ఇగ్రీజస్’ (egregious).

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. ఉచ్చారణ విషయంలో ఈ యాప్‌కు వంక పెట్టలేము. ఆ పదాన్ని అక్షరాల్లో చూసినవారు ‘ఎగ్రెజియస్’ అనో ‘ఎగ్రీగియస్’ అనో చదువుకునే అవకాశం ఎక్కువ, నేనూ అలాగే చదివాను. అందులో ఉన్నవి మూడే ధ్వని ఖండాలనీ, ఊనిక రెండవదాని మీద పడుతుందనీ, చివరి భాగం ‘జియస్’ అని సాగకుండా ‘జస్’ అని ముగుస్తుందనీ యాప్ ముక్కలుగా విడగొట్టి వినిపించింది. స్త్రీ గొంతులో ఒకసారి, పురుషుడి గొంతులో ఒకసారి, మామూలు వేగంతోనూ నెమ్మదిగానూ వినే వీలుంది. మన నోటితో పలికి సరిచూసుకునే సదుపాయం కూడా ఉంది గానీ, అది ఏది పలికినా ‘బాగుంది’ అనే అంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

నేర్చుకున్న మాటను మళ్లీ మళ్లీ గుర్తుచేసే పద్ధతి కూడా బాగుంది. జ్ఞాపకం మీద ప్రయోగాలు చేసిన జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన ఫలితాలను 1885లో ప్రచురించాడు. కంఠస్థం చేసిన విషయంలో అధిక భాగాన్ని మనం మొదటి గంటల్లోనే మరిచిపోతామనీ, ఆ తరువాత మరుపు వేగం తగ్గుతుందనీ ఆయన తనమీదే పరీక్షించుకుని చూపాడు. కొంత వ్యవధి ఇచ్చి, ఆ వ్యవధిని క్రమంగా పెంచుతూ తిరిగి గుర్తు చేసుకుంటే మాట నిలుస్తుందనే పద్ధతికి ఆ పరిశీలనే పునాది. యాప్ కూడా ఆ దారిలోనే ‘ఇగ్రీజస్’ కార్డును మరునాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, ఆపైన ఇంకా ఎడంగా చూపించింది. ఆరుసార్లూ నేను సరైన జవాబే నొక్కాను. ఆరవసారి కార్డు మీద పచ్చని టిక్కు పడి, ఈ పదం మీకు వచ్చేసిందని ప్రకటన కూడా వెలువడింది.

పదం నాకు రాలేదన్న సంగతి ఆ తరువాత రెండు వారాలకు తెలిసింది. పదవీ విరమణ చేస్తున్న మా పై అధికారికి ఆంగ్లంలో ఒక వీడ్కోలు లేఖ రాసే పని నామీద పడింది. ఆయన సేవలను పొగడడానికి మామూలు విశేషణాలు చప్పగా తోచి, కొత్తగా నేర్చిన మాటను వాడాలన్న ఉత్సాహంతో ‘ఇగ్రీజస్ కాంట్రిబ్యూషన్’ అని రాశాను. యాప్ కార్డు మీద తెలుగులో ఉన్న అర్థం ‘ప్రస్ఫుటమైన, విశిష్టమైన, గుంపులో ప్రత్యేకంగా కనిపించే’ అనే కదా. అదృష్టవశాత్తు లేఖను పంపే ముందు, చిన్నప్పుడు నాకు ఆంగ్లం చెప్పిన మాస్టారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, “నాయనా, ఈయన మీద నీకేమైనా పాత పగ ఉందా?” అని అడిగారు. లేదన్నాను. “మరి ఆయన చేసిన ఘనకార్యం పరమ ఘోరమని రాశావేమిటి?” అన్నారు.

ఇక్కడ యాప్ పూర్తిగా అబద్ధం చెప్పిందని అనలేను, చిక్కు అక్కడే ఉంది. లాటిన్ భాషలో ‘గ్రెక్స్’ అంటే మంద, ‘ఎ’ అంటే బయటికి. మందలో కలిసిపోకుండా విడిగా నిలబడినదాన్ని ‘ఎగ్రేగియుస్’ అన్నారు, అది పొగడ్తే. పదహారవ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చినప్పుడు కూడా ఆ మాటకు ఘనమైన, శ్రేష్ఠమైన అనే అర్థాలు ఉండేవి. కొద్దికాలానికే, బహుశా వెటకారంగా వాడగా వాడగా, చెడ్డతనంలో అందరినీ మించిన అనే అర్థం దానికి అంటుకుంది. రెండు అర్థాలూ పక్కపక్కన బతికిన ఆ సంధికాలం షేక్‌స్పియర్ నాటకాల్లోనే కనిపిస్తుంది. ‘ఐదవ హెన్రీ’లో పిస్టల్ అనే డాంబికుడు యుద్ధంలో చిక్కిన ఫ్రెంచి సైనికుణ్ణి బెదిరించి అడిగేది ‘ఇగ్రీజస్ రాన్సమ్’, అంటే కనీవినీ ఎరుగనంత విడుదల సొమ్ము. ‘సింబలీన్’లో పోస్ట్యుమస్ పశ్చాత్తాపంతో తనను తాను తిట్టుకునేది ‘ఇగ్రీజస్ మర్డరర్’ అని. మొదటిదానిలో పరిమాణం మాత్రమే ఉంది, రెండవదానిలో పాపం ఉంది. తరువాతి కాలంలో నిలిచింది రెండవదే. నేటి వాడుకలో ఆ మాట విన్నవారికి మంచి అనే ఊహే రాదు. అదే లాటిన్ మాట నుంచి పుట్టిన ‘ఎగ్రేజో’ అనే పదాన్ని ఇటాలియన్లు మాత్రం లాంఛనమైన ఉత్తరాల్లో మగవారి పేరుకు ముందు ‘గౌరవనీయులైన’ అనే అర్థంలో ఈనాటికీ రాస్తారు. ఒకే తల్లి పిల్లలు ఇద్దరిలో ఒకరు సభలో కూర్చుంటే మరొకరు బోనులో నిలబడ్డారు.

ఈ రకమైన పతనం తెలుగువారికి కొత్తేమీ కాదు. భాషాశాస్త్ర పాఠాల్లో దీన్ని అర్థగ్రామ్యత అంటారు. ‘కంపు’ అనే మాటకు ఒకప్పుడు వాసన అనీ పరిమళమనీ అర్థం, కన్నడంలో నేటికీ సువాసనే. తెలుగులో ఇప్పుడు ఆ మాట వింటేనే ముక్కు మూసుకుంటాము. ఛందస్సు, అంటే వేదం, తెలిసిన ‘ఛాందసుడు’ కాలంతో పాటు నడవని మనిషి అయ్యాడు. దేవుడికి చేసే సేవ అయిన ‘కైంకర్యం’ సొమ్ము కాజేయడమైంది. ఎవరైనా విదేశీయుడు పాత నిఘంటువు చూసి, విందుకు పిలిచిన ఇల్లాలితో “అమ్మా, మీ వంటింటి కంపు అద్భుతం” అని అంటే ఏమవుతుందో, నా వీడ్కోలు లేఖ పంపి ఉంటే అదే అయ్యేది. తెలుగు వివరణతో ఆంగ్లం నేర్పుతున్న యాప్‌కు ఈ పోలిక చేతికందేంత దూరంలో ఉంది. కార్డు మీద ‘ఛాందసుడికి పట్టిన గతే ఈ మాటకూ పట్టింది’ అనే ఒక్క వాక్యం ఉంటే నేను జన్మలో మరిచిపోయేవాణ్ణి కాను.

పొరపాటు ఎలా జరిగి ఉంటుందో కూడా ఊహించవచ్చు. ఆంగ్ల నిఘంటువులన్నీ అర్థాలను ఒకే వరుసలో ఇవ్వవు. 1884 నుంచి భాగాలుగా వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు ప్రతి పదానికీ పాత అర్థం నుంచి కొత్త అర్థం వైపు నడుస్తుంది. మెరియమ్ వెబ్‌స్టర్ కూడా చారిత్రక క్రమాన్నే పాటిస్తుంది. నేర్చుకునేవారి కోసం తయారు చేసిన నిఘంటువులు మాత్రం ఇప్పుడు ఎక్కువగా వాడే అర్థాన్నే ముందుంచుతాయి. మొదటి రకం నిఘంటువులో మొదటి పంక్తిని మాత్రమే తీసుకుని తెలుగు చేస్తే నాలుగు వందల ఏళ్ల కిందటి అర్థం కార్డు మీదికి ఎక్కుతుంది. మొదటిదాన్ని మొదటిదని ఎందుకు పెట్టారో తెలియకుండా ఎత్తి రాసుకోవడమే ఇక్కడి తప్పు, నిఘంటువుది కాదు.

అయితే అర్థాన్ని సరిదిద్దినంత మాత్రాన పని పూర్తి కాదని నా వాదన. మాస్టారి చేత చీవాట్లు తిన్న తరువాత నేను యాప్ నిర్వాహకులకు రాశాను. వారంలోగా జవాబిచ్చి, తెలుగు అర్థాన్ని ‘చాలా చెడ్డ, ఘోరమైన’ అని మార్చారు. ఆ తత్పరతకు వారిని మెచ్చుకోవలసిందే. కానీ ఈ కొత్త అర్థాన్ని నమ్ముకుని రేపు మరొకరు ‘ఇగ్రీజస్ తలనొప్పి’ అనీ, ‘ఇగ్రీజస్ భూకంపం’ అనీ రాస్తారు. రెండూ చెడ్డవే, ఘోరమైనవే, అయినా ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారి చెవికి రెండూ ఎబ్బెట్టుగానే వినిపిస్తాయి. ఈ విశేషణం సాధారణంగా మనిషి చేసిన పనికి, తీసుకున్న నిర్ణయానికి, చూపిన ప్రవర్తనకు తగులుతుంది. అందులో బాధ్యులెవరో ఉండాలి, ‘ఇలా చేయకూడదని తెలియదా’ అని అడగడానికి చోటుండాలి. తలనొప్పినీ భూకంపాన్నీ నిలదీయలేము.

యాప్ ఇచ్చిన ఉదాహరణ వాక్యం చూస్తే ఈ లోటు ఇంకా స్పష్టమవుతుంది. ‘ఇట్ వజ్ యాన్ ఇగ్రీజస్ థింగ్’ అన్నదే ఆ వాక్యం. అందులోంచి మన మాటను తీసేసి ఖాళీ వదిలితే ఆ ఖాళీలో మంచిది, చెడ్డది, పాతది, వింతైనది, ఏది పెట్టినా వాక్యం నిలబడుతుంది. అలాంటి వాక్యం మాటను వాడి చూపించినట్టు కాదు, వాక్యంలో పడేసినట్టు. మంచి ఉదాహరణ వాక్యానికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: నేర్పవలసిన మాటను వేలితో కప్పినా, మిగిలిన మాటలే దాని అర్థాన్ని సగం చెప్పాలి. ‘రోగికి పడని మందని చీటీ మీద ఎర్రసిరాతో రాసి ఉన్నా అదే మందు ఇవ్వడం ఇగ్రీజస్ ఎర్రర్’ అన్నప్పుడు, ఆ పదం తెలియనివాడు కూడా అది చిన్న పొరపాటు కాదనీ, క్షమించరానిదనీ, కళ్లెదుటే ఉన్నా చూడకపోవడమనీ పట్టుకుంటాడు.

ఈ పని ఎలా చేయవచ్చో చూపినవారు లేకపోలేదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో తయారై 1987లో వచ్చిన కొబిల్డ్ నిఘంటువు, అర్థాన్ని పర్యాయపదాల పట్టికగా ఇవ్వకుండా పూర్తి వాక్యంగా ఇచ్చింది. ఫలానావారు ఫలానా సందర్భంలో ఫలానాదాన్ని ఇలా అన్నారంటే వారి ఉద్దేశం ఇది, అనే తీరులో సాగే వివరణ అది. అందులో అర్థం, ప్రయోగం రెండూ ఒకే గుక్కలో వస్తాయి. ఆ పద్ధతిని తెలుగులో అనుసరిస్తే మన కార్డు ఇలా ఉండవచ్చు: ‘ఒకరు చేసిన తప్పుగానీ అన్యాయంగానీ మిగతావాటి మధ్య కొట్టొచ్చినట్టు కనిపించేంత ఘోరంగా ఉందని మీరు నిందిస్తున్నప్పుడు దాన్ని ఇగ్రీజస్ అంటారు.’ ఇరవై మాటలు కూడా లేని ఈ వివరణలో నింద ఉంది, తప్పు చేసినవాడు ఉన్నాడు, పాత మంద కూడా వెనక ఎక్కడో కనిపిస్తూనే ఉంది.

యాప్ ఇవ్వనిదాన్ని నేను వేరేచోట వెతుక్కున్నాను. మార్క్ డేవిస్ రూపొందించగా 2008లో అందుబాటులోకి వచ్చిన సమకాలీన అమెరికన్ ఆంగ్ల పాఠ్యనిధిలో, అంటే కోకాలో, 1990 నుంచి 2019 వరకు వెలువడిన రచనలూ సంభాషణలూ కలిపి వంద కోట్లకు పైగా మాటలున్నాయి. నమోదు చేసుకుంటే ఉచితంగానే కొంతమేరకు వెతుక్కోవచ్చు. అక్కడ మన పదాన్ని వెతికి వచ్చిన వాక్యాలు నలభై దాకా వరుసగా చదివాను. యాప్ ఆరుసార్లు చూపిన కార్డు నేర్పనిది ఆ అరగంటలో తెలిసింది. ఆ మాట వెనుక ఎర్రర్, వయొలేషన్, అబ్యూస్, కాండక్ట్, ఎగ్జాంపుల్ వంటివే తరచుగా నడుస్తాయి. దాని ముందు చాలాసార్లు ‘ద మోస్ట్’ ఉంటుంది, ఎందుకంటే ఎన్నో తప్పులలోంచి ఒకదాన్ని వేలెత్తి చూపడానికే ఆ మాట పుట్టింది. వంటింటి కబుర్లలో కంటే న్యాయస్థానాల్లో, సంపాదకీయాల్లో, విచారణ నివేదికల్లో అది హాయిగా కూర్చుంటుంది. క్రియావిశేషణంగా మారినప్పుడు కూడా బరువు తగ్గదు. అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న గర్భస్రావ హక్కుపై వెలువరించిన డాబ్స్ తీర్పులో, ఆ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును ‘ఇగ్రీజస్లీ రాంగ్’ అని పేర్కొన్నారు. ఆ తీర్పుతో ఎవరు ఏకీభవించినా, విభేదించినా, ఒక పాత తీర్పును కొట్టివేయడానికి సిద్ధపడినవారు ‘తప్పు’ అనే మాట చాలదనుకున్నప్పుడు ఎంచుకున్న విశేషణం ఇదని గమనిస్తే దాని తూకం అర్థమవుతుంది. అచ్చుతప్పుకు ఈ మాట వాడితే అది హాస్యం కోసమే అయ్యుండాలి.

పర్యాయపదాల విషయంలోనూ యాప్ చేతులు దులుపుకుంది. ‘ఫ్లేగ్రంట్, గ్లేరింగ్, గ్రోస్’ అని మూడు మాటలు వరుసగా ఇచ్చి, ఒకదానికి బదులు మరొకటి వాడుకోవచ్చన్నట్టు వదిలేసింది. ఫ్లేగ్రంట్ లాటిన్‌లో మండడం నుంచి వచ్చింది, అందులో బాహాటంగా, నదురూ బెదురూ లేకుండా చేసిన తెగింపు ఉంది. గ్లేరింగ్ అంటే కంటికి కొట్టేది, చేసినవాడు కావాలని చేయకపోవచ్చు కూడా. ఇగ్రీజస్ చూసేది తప్పు ఎంత పెద్దదని. గ్రోస్ సంగతి వేరే పాఠమే అవుతుంది, కాబట్టి దాని జోలికి పోను. వ్యుత్పత్తి వైపు నుంచి చూసినా కార్డు పేదగానే ఉంది. అదే మంద నుంచి పుట్టిన మాటలు నేర్చుకునేవారికి ముందే తెలిసి ఉంటాయి: మందకు చేర్చితే అగ్రిగేట్, మంద నుంచి వేరుచేస్తే సెగ్రిగేట్, మందగా కూడితే కాంగ్రిగేషన్, మందను ఇష్టపడేవాడు గ్రెగేరియస్. ఈ బంధువుల పక్కన నిలబెడితే కొత్త మాట కొత్తగా ఉండదు. పశువుల మందకూ మనుషుల సభకూ చుట్టరికం కలిపింది లాటిన్ ఒక్కటే కాదని కూడా తెలుగు పాఠకుడికి చెప్పవచ్చు, మన ‘గోష్ఠి’ పుట్టింది గోష్ఠం నుంచి, అంటే ఆవుల కొట్టం నుంచే.

న్యాయం కోసం మరొక సంగతి చెప్పాలి. అన్ని పదాల దగ్గరా యాప్ ఇలా తడబడదు. ‘పెట్రికోర్’ కార్డు చక్కగా ఉంది. ఎండిన నేల మీద వాన పడినప్పుడు లేచే వాసనకు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు 1964లో ‘నేచర్’ పత్రికలో ఆ పేరు పెట్టారనీ, గ్రీకులో రాయికీ దేవతల నరాల్లో ప్రవహించే ద్రవానికీ ఉన్న మాటలను కలిపి దాన్ని తయారు చేశారనీ కార్డు చెబుతుంది. ‘డిఫెనెస్ట్రేషన్’ కార్డు కూడా 1618లో ప్రేగ్ కోటలో రాజప్రతినిధులను కిటికీలోంచి కిందికి తోసేసిన కథతో మొదలవుతుంది, ఒకసారి చదివితే ఆ మాట మరుపుకు రాదు. ఈ రెండూ నామవాచకాలు. ఒక వాసనకు, ఒక పనికి పేర్లు. వస్తువును చూపిస్తే పేరు వచ్చేస్తుంది, కార్డు అనే చిన్న చట్రం అందుకు సరిపోతుంది. మెచ్చుకోలునూ నిందనూ మోసే విశేషణాలకు మాత్రం ఆ చట్రం ఇరుకు. అలాంటి మాటకు దాని సావాసగాళ్లతో కలిపి తప్ప రూపం ఉండదు.

పరీక్షల భాగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నాలుగు అర్థాల్లో ఒకటి ఎంచుకోమంటుంది, మిగిలిన మూడూ ‘పసుపు రంగు’, ‘నిద్రమత్తు’ వంటి దూరపు అర్థాలు కావడంతో పదం తెలియకపోయినా జవాబు తడుతుంది. మాటను మనచేత రాయించే ప్రశ్న ఒక్కటీ లేదు. చదివినప్పుడు గుర్తుపట్టే పదసంపద వేరు, రాసేటప్పుడు చేతికి వచ్చే పదసంపద వేరు. ఈ యాప్ మొదటిదాన్నే కొలిచి రెండవదానికి కూడా పచ్చ టిక్కు పెడుతుంది.

పోటీ పరీక్షలకు తక్కువ వ్యవధిలో ఎక్కువ పదాలను గుర్తుపట్టడం మాత్రమే కావలసినవారు ఈ చందా కట్టవచ్చు, తెలుగు అర్థాన్ని ఒకసారి నేర్చుకునేవారి నిఘంటువుతో సరిచూసుకుంటే చాలు. ఆంగ్లంలో రాయవలసిన పని ఉన్నవారికి మాత్రం దీన్ని ఒంటరిగా వాడమని చెప్పలేను. ఐదు నక్షత్రాలకు నేను మూడు ఇస్తున్నాను, అందులో ఒకటి పూర్తిగా ఉచ్చారణకే. వచ్చే నెలలో చందా ముగుస్తుంది, ఉదాహరణ వాక్యాలు మారేవరకు పొడిగించను.

వీడ్కోలు లేఖలో ఆ మాటను కొట్టేసి, మాస్టారు తన చేత్తో ‘అవుట్‌స్టాండింగ్’ అని రాశారు. అది కూడా గుంపు నుంచి బయటికి వచ్చి నిలబడినదే, ఒకటి నిందకు పోతే ఇది పొగడ్తకు మిగిలింది. ఇంటికి వచ్చి, యాప్‌కు ఈ మాట తెలుసా అని వెతికి చూశాను. తెలుసు. ‘విశిష్టమైన, చెల్లించవలసి ఉన్న, బయటికి పొడుచుకు వచ్చిన’ అని మూడు అర్థాలు ఒకే పంక్తిలో ఇచ్చి, కింద ఒక ఉదాహరణ కూడా పెట్టింది: ‘ఇట్ వజ్ యాన్ అవుట్‌స్టాండింగ్ థింగ్.’